ప్రొఫైలింగ్ భారాన్ని తగ్గించడం ఎలా?

విద్యార్థులారా! ఒక విశ్వవిద్యాలయంలో పరీక్షా ఫలితాలు తయారుచేసే ప్రోగ్రాం ఉందనుకుందాం. అది మార్కుల ఫైలును చదువుతుంది, హాల్ టికెట్ నెంబర్ల వరుసలో పేరుస్తుంది, తరగతులు నిర్ణయిస్తుంది, చివరికి జాబితా రాస్తుంది. ఒక విడతకు 10 సెకన్లు పడుతుంది. ఇలాంటి విడతలు వందల సంఖ్యలో ఉన్నాయి కనుక ఈ 10 సెకన్లను తగ్గించమని మీకు పని అప్పగించారు. మొదట మీరు తెలుసుకోవలసింది, ఆ 10 సెకన్లూ ఎక్కడ ఖర్చవుతున్నాయి?

ఊహతో చెప్పడం కష్టమని అనుభవజ్ఞులందరూ అంటారు. డొనాల్డ్ నూత్ 1971లో ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పరిశీలించి, సాధారణంగా ఒక ప్రోగ్రాంలో 4 శాతం కంటే తక్కువ భాగమే సగానికి పైగా సమయాన్ని తీసుకుంటుందని చూపించాడు. ఆ నాలుగు శాతం ఎక్కడుందో కనిపెట్టే పనినే ప్రొఫైలింగ్ అంటాం. ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు నడిచింది, ఎంత సమయం తీసుకుంది అని కొలిచి పట్టికగా ఇచ్చే సాధనం ప్రొఫైలర్.

అయితే కొలిచేది కూడా అదే కంప్యూటరు. కొలవడానికి కూడా సమయం పడుతుంది. ఈ అదనపు సమయాన్నే ఓవర్‌హెడ్ అంటారు. మనం ప్రొఫైలింగ్ భారం అందాం. భారం ఉంటే ప్రోగ్రాం కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అంతే కదా అని చాలామంది అనుకుంటారు. అసలు నష్టం అది కాదు. ఒక లెక్క వేసి చూద్దాం.

మన ప్రోగ్రాంలో నిజమైన ఖర్చు ఇలా ఉందనుకోండి. వరుసలో పేర్చడానికి 4 సెకన్లు. ఫైలు చదవడానికి 1.7 సెకన్లు. మిగిలిన 4.3 సెకన్లు అనేక చిన్నచిన్న పనులకు చెల్లాచెదురుగా పోతున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ పెద్దది కాదు. ఫైలు చదివే భాగంలో ఒక చిట్టి ఫంక్షన్ ఉంది. వచ్చిన అక్షరం అంకె అవునా కాదా అని మాత్రమే చూస్తుంది. ఫైలులో 10 కోట్ల అక్షరాలున్నాయి కనుక దాన్ని 10 కోట్లసార్లు పిలుస్తారు. ఒక్కో పిలుపుకు 2 నానోసెకన్లు చొప్పున మొత్తం 0.2 సెకను. అంటే రెండు శాతం.

ఇప్పుడు ప్రతి ఫంక్షన్ ప్రవేశం దగ్గరా, నిష్క్రమణ దగ్గరా గడియారం చూసి సమయం రాసుకునే ఆదేశాలు చొప్పించామనుకోండి. నేటి యంత్రాల మీద గడియారం ఒకసారి చూడడానికి సుమారు 20 నుంచి 30 నానోసెకన్లు పడుతుంది. 25 అనుకుందాం. పిలుపుకు రెండుసార్లు, అంటే 50 నానోసెకన్లు. 10 కోట్ల పిలుపులకు 5 సెకన్లు. 2 నానోసెకన్ల పనిని కొలవడానికి 50 నానోసెకన్లు వెచ్చించామన్నమాట!

ప్రోగ్రాం 15 సెకన్లకు చేరింది. ఆ అదనపు 5 సెకన్లు ఎవరి ఖాతాలో పడతాయి? సుమారు సగం చిట్టి ఫంక్షన్ ఖాతాలో, మిగతా సగం దాన్ని పిలిచిన చదివే లూప్ ఖాతాలో పడతాయి. రెండూ ఫైలు చదివే భాగంలోనివే. కాబట్టి పట్టికలో ఫైలు చదవడానికి 6.7 సెకన్లు, అంటే 45 శాతం అని కనిపిస్తుంది. పేర్చడం మాత్రం అదే 4 సెకన్లు, 27 శాతం. (పేర్చే భాగంలోనూ పిలుపులుంటాయి, లెక్క తేలిక కోసం వాటిని పక్కన పెట్టాను.)

నిజానికి పేర్చడం 40 శాతం, చదవడం 17 శాతం. పట్టికలో వరుస తలకిందులైంది. ఆ పట్టికను నమ్మి మీరు వారం రోజులు కూర్చుని చదివే భాగాన్ని రెట్టింపు వేగంగా చేశారనుకోండి, ప్రొఫైలర్ తీసేసి నడిపితే మిగిలేది 0.85 సెకను. అదే శ్రమ పేర్చడం మీద పెడితే 2 సెకన్లు మిగిలేవి. ప్రొఫైలింగ్ భారం తెచ్చే అసలు ముప్పు ఇదే. అది అందరి మీదా సమానంగా పడదు. చిన్నవీ, ఎక్కువసార్లు పిలిచేవీ అయిన ఫంక్షన్ల మీదే పడుతుంది. చక్కగా చిన్నచిన్న ఫంక్షన్లుగా విడదీసి రాసిన ప్రోగ్రాం గురించే ప్రొఫైలర్ ఎక్కువ అబద్ధాలు చెబుతుంది.

భారం ఎంతో తెలుసు కదా, చివర్లో తీసివేస్తే సరిపోదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కొంతవరకు చేయవచ్చు, చేస్తారు కూడా. కానీ ఆ 25 నానోసెకన్లు అనేది స్థిరమైన సంఖ్య కాదు. చొప్పించిన ఆదేశాలు క్యాష్ మెమరీలో చోటు ఆక్రమించి, ప్రోగ్రాం సొంత ఆదేశాలను బయటికి నెట్టవచ్చు. చిన్న ఫంక్షన్‌ను పిలిచిన చోటే కలిపేసే కంపైలర్, మధ్యలో ఈ కొలతలు అడ్డం వస్తే మునుపటి మెరుగులు కొన్ని దిద్దలేకపోవచ్చు. కొన్ని వర్చువల్ యంత్రాలలో గడియారం చూడాలంటే ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టం గడప తొక్కాలి. అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. తీసివేయవలసింది ఎంతో కచ్చితంగా తెలియనప్పుడు తీసివేత ఎలా చేస్తాం?

కనుక భారాన్ని మొదటే తగ్గించుకోవాలి.

మెతుకు పట్టి చూడడం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఎవరూ కుండంతా పిసకరు. ఒక మెతుకు పట్టి చూస్తారు. దేశంలో పదేళ్లకోసారి ఇంటింటికీ తిరిగే జనాభా లెక్కల పద్ధతి ఉండగానే, మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. అందరినీ అడగడానికి అయ్యే ఖర్చుకూ, కొందరిని సరిగ్గా ఎంచి అడగడానికి అయ్యే ఖర్చుకూ ఉన్న తేడాయే దానికి ఆధారం. ప్రొఫైలింగ్‌లో ఈ పద్ధతిని శాంపిలింగ్ అంటారు.

ప్రోగ్రాంలో ఏమీ చొప్పించం. దాని మానాన దాన్ని నడవనిచ్చి, సెకనుకు వందసార్లు ఒక ఇంటరప్ట్‌తో ఆపి, ఆ క్షణాన ఏ ఆదేశం దగ్గరుందో రాసుకుని వదిలేస్తాం. పట్టిక వేసుకుంటే ఎక్కువ గుర్తులు పడిన ఫంక్షన్ ఎక్కువ సమయం తీసుకున్నట్టు. ఒక్కో గుర్తుకు ధారాళంగా 10 మైక్రోసెకన్లు ఖర్చని అనుకున్నా, వందకు 1 మిల్లీసెకను. అంటే సెకనులో వెయ్యో వంతు, 0.1 శాతం భారం. ఇందాక మనకు పడినది 50 శాతం! పైగా ఇక్కడ భారం ఫంక్షన్ ఎన్నిసార్లు పిలవబడింది అనేదాని మీద ఆధారపడదు. చిన్న ఫంక్షన్‌కూ పెద్ద ఫంక్షన్‌కూ న్యాయం ఒక్కటే.

మరి కచ్చితత్వం మాటేమిటి? 10 సెకన్లలో 1000 గుర్తులు. పేర్చడానికి 400 పడాలి. గణాంక శాస్త్రం ప్రకారం ప్రామాణిక విచలనం 15.5. దానికి రెండింతలు అటూ ఇటూ వదిలినా 369 నుంచి 431 మధ్య ఉంటుంది. చదవడానికి 146 నుంచి 194 మధ్య. ఈ రెండు అంతరాలూ ఎక్కడా కలవవు, కనుక ఏది పెద్దదో సందేహం లేదు. మనకు కావలసింది అదే. చిట్టి ఫంక్షన్‌కు మాత్రం 20 పడవలసిన చోట 11 పడవచ్చు, 29 పడవచ్చు. రెండు శాతం ఫంక్షన్‌ను సరిదిద్దడానికి ఎవరూ తొందరపడరు కనుక ఇబ్బంది లేదు. ఇంకా కచ్చితంగా కావాలంటే గుర్తుల వేగం పెంచకుండా నడిచే కాలం పెంచండి. నాలుగింతలు ఎక్కువసేపు నడిపితే పొరపాటు సగమవుతుంది, భారం శాతం మాత్రం పెరగదు.

1982లో బర్కిలీలో గ్రాహం, కెస్లర్, మెక్‌కూసిక్ రూపొందించిన జీప్రాఫ్ ఈ రెండు పద్ధతులనూ కలిపింది. సమయాన్ని శాంపిలింగ్‌తో కొలిచింది. ఎవరు ఎవరిని ఎన్నిసార్లు పిలిచారో మాత్రం ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక చిన్న ఆదేశం చొప్పించి లెక్కపెట్టింది. ఒక ఫంక్షన్ సమయాన్ని దాన్ని పిలిచిన వారికి పంచేటప్పుడు, పిలుపుల సంఖ్య నిష్పత్తిలో పంచుతుంది. అంటే ప్రతి పిలుపుకూ సమాన సమయం పడుతుందని అనుకుంటుంది. పది పేర్లు పేర్చమన్నవాడికీ లక్ష పేర్లు పేర్చమన్నవాడికీ బిల్లు సమానంగా వేస్తే ఎలా ఉంటుందో, కొన్ని ప్రోగ్రాముల మీద జీప్రాఫ్ పట్టిక అలాగే ఉంటుంది. పట్టికలోని ఆ గడి చదివేటప్పుడు ఈ సంగతి మరవకండి.

మెతుకు పట్టి చూడడంలో ఒక షరతు ఉంది. ఎప్పుడూ కుండలో ఒకే మూల నుంచి తీయకూడదు. మన ప్రోగ్రాంలోనే సెకనుకు వందసార్లు జరిగే పని ఏదైనా ఉంటే, సెకనుకు వందసార్లే చూసే ప్రొఫైలర్ ప్రతిసారీ దాన్నే చూడవచ్చు, లేదా ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. అందుకే నేడు చాలామంది 100 బదులు 99 ఎంచుకుంటారు. చూడడానికి వింతగా ఉన్నా కారణం ఇదే. ఇంకా మంచి మార్గం, అంతరాన్ని ప్రతిసారీ యాదృచ్ఛికంగా మార్చడం. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ పరిశోధకులు 1997లో ఆల్ఫా ప్రాసెసర్ల కోసం ప్రకటించిన డీసీపీఐ వ్యవస్థ ఇలాగే చేసింది. 333 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద సెకనుకు 5200కు పైగా గుర్తులు తీసుకున్నా, చాలా పనుల మీద భారం 1 నుంచి 3 శాతమే. గుర్తు పడినప్పుడల్లా ఫైలులో రాయకుండా, ఒకే చోటు మళ్లీ వస్తే పట్టికలో ఆ వరుస సంఖ్యను ఒకటి పెంచి ఊరుకుంటుంది. ప్రతి ప్రాసెసర్‌కూ విడి పట్టిక ఉండడం వల్ల ఒకరి కోసం ఒకరు ఆగవలసిన పని లేదు.

రెండో షరతు ఇంకా సూక్ష్మమైనది. 2010లో మైట్కోవిచ్, దివాన్, హౌస్‌వర్త్, స్వీనీ నాలుగు పేరున్న జావా ప్రొఫైలర్లను ఒకే ప్రోగ్రాముల మీద నడిపి చూశారు. ఎక్కువ సమయం తీసుకునే ఫంక్షన్ ఏదన్న విషయంలో ఆ నాలుగింటికీ తరచు పొత్తు కుదరలేదు. కారణం, అవి ఇంటరప్ట్ వచ్చిన క్షణాన చూడవు. జావా యంత్రం ఆగడానికి వీలని ఎంచుకున్న తర్వాతి మజిలీ వరకు వేచి, అక్కడ చూస్తాయి. బస్సు ఏ ఊళ్ల మీదుగా వెళ్లిందో బస్టాండ్లలో మాత్రమే కూర్చుని రాసుకున్నట్టు. భారం తక్కువే, గుర్తులు లెక్కకు కావలసినన్ని ఉన్నాయి, అయినా పట్టిక తప్పు. మీ ప్రొఫైలర్ ఎక్కడెక్కడ ఆగి చూడగలదో తెలుసుకోకుండా దాని మాట నమ్మకండి.

అన్నీ లెక్కపెట్టక తప్పనప్పుడు

కొన్ని అవసరాలకు నమూనా చాలదు. పరీక్షలు ప్రోగ్రాంలో ఏ దారులను తాకాయి, ఒక షరతు ఎన్నిసార్లు నిజమైంది అనేవి కచ్చితంగా కావాలి. అప్పుడు కౌంటర్లు పెట్టక తప్పదు. కానీ ప్రతి దారిలోనూ పెట్టాలా?

ఇంటర్మీడియట్ భౌతిక శాస్త్రంలో కిర్కాఫ్ నియమం చదివి ఉంటారు. ఒక కూడలిలోకి వచ్చిన విద్యుత్తు ఎంతో, బయటికి పోయేదీ అంతే. ప్రోగ్రాం నడక కూడా అలాంటిదే. ఒక లూప్ లోపల ‘అయితే, కాకపోతే’ షరతు ఉన్న చిన్న ఫంక్షన్ తీసుకోండి. ప్రవేశం, లూప్ పరీక్ష, షరతు, రెండు శాఖలు, అవి కలిసే చోటు, నిష్క్రమణ. మొత్తం 7 చోట్లు. వీటి మధ్య దారులు గీసి చూడండి: 8 వస్తాయి. నిష్క్రమణ నుంచి మళ్లీ ప్రవేశానికి ఒక ఊహా దారి కలిపితే 9. ఈ తొమ్మిదింటికీ కౌంటర్లు అవసరం లేదు. చోట్లన్నిటినీ కలుపుతూ, ఎక్కడా చక్రం ఏర్పడని విధంగా ఆరు దారులు ఎంచితే అది ఒక ట్రీ అవుతుంది. ట్రీలోని దారులకు కౌంటర్లు అక్కర్లేదు. మిగిలిన మూడింటికి చాలు. ఫంక్షన్‌లోకి ఎన్నిసార్లు వచ్చాం, మొదటి శాఖకు ఎన్నిసార్లు వెళ్లాం, రెండో శాఖకు ఎన్నిసార్లు వెళ్లాం. శాఖల మొత్తమే లూప్ తిరిగిన సంఖ్య. వచ్చినన్నిసార్లే లూప్ నుంచి బయటపడ్డాం. తక్కినవన్నీ కాగితం మీద తేలిపోతాయి.

ఈ ఆలోచనను నూత్, స్టీవెన్‌సన్ 1973లో వివరించారు. 1994లో బాల్, లారస్ దీన్ని మరింత పదును పెట్టారు. ట్రీని ఎలా పడితే అలా ఎంచకుండా, ఎక్కువసార్లు నడుస్తాయని ఊహించే దారులు వీలైనన్ని ట్రీలోనే ఉండేలా చూడాలి. అప్పుడు కౌంటర్లు అరుదుగా నడిచే దారుల మీదికి పోతాయి. ఊహ తప్పినా లెక్క తప్పదు, భారం కాస్త పెరుగుతుంది అంతే. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చే గుణం అదే.

అనేక థ్రెడ్లు ఒకేసారి నడిచే ప్రోగ్రాంలో కౌంటర్ ఇంకో చిక్కు తెస్తుంది. అందరూ ఒకే కౌంటర్‌ను పెంచుతుంటే, దాన్ని పట్టుకున్న క్యాష్ వరుస ఒక ప్రాసెసర్ కోర్ నుంచి ఇంకో కోర్‌కు బంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఈ వరుస సాధారణంగా 64 బైట్లు. థ్రెడ్‌కు ఒక కౌంటర్ ఇచ్చినా, 8 బైట్ల కౌంటర్లను పక్కపక్కనే పేరిస్తే ఎనిమిది ఒకే వరుసలో పడి కథ మొదటికొస్తుంది. ఒక్కో థ్రెడ్ కౌంటర్లకు విడి వరుస కేటాయించి, చివర్లో కూడుకోవాలి. పది నిమిషాల పని. చేయనివారు మాత్రం ఎందరో!

అవసరమైనప్పుడే మేల్కొనడం

మూడో మార్గం, కొలిచే ఏర్పాటు ప్రోగ్రాంలోనే ఉంచి, అడిగే వరకు నిద్రపుచ్చడం. లైనక్స్ కెర్నెల్‌లోని ఎఫ్‌ట్రేస్ ఇందుకు మంచి ఉదాహరణ. కంపైల్ చేసేటప్పుడు ఫంక్షన్ల మొదట్లో ఒక పిలుపు పెడతారు. యంత్రం మొదలయ్యేటప్పుడు ఆ పిలుపుల స్థానంలో ‘ఏమీ చేయకు’ అనే ఆదేశం రాస్తారు. మీరు ఒక ఫంక్షన్‌ను గమనించమన్నప్పుడు ఆ ఒక్క చోట పిలుపును తిరిగి రాస్తారు. 2005లో సొలారిస్ 10తో వచ్చిన డీట్రేస్ కూడా ఇదే దారి పట్టింది. రోజువారీ సేవలో ఉన్న సర్వర్ల మీద కూడా ప్రొఫైలింగ్‌కు ధైర్యం వచ్చింది ఇలాంటి ఏర్పాట్ల వల్లే.

ఆర్నాల్డ్, రైడర్ 2001లో ఇంకో ఉపాయం చెప్పారు. ఫంక్షన్‌కు రెండు ప్రతులు ఉంచండి. ఒకటి మామూలుది, ఇంకొకటి కొలతలు నింపినది. ఫంక్షన్ మొదట్లోనూ, లూప్ వెనక్కి తిరిగే చోటా ఒక చిన్న పరీక్ష. వేలసార్లకు ఒకసారి ఆ పరీక్ష రెండో ప్రతిలోకి పంపుతుంది. కాసేపు అక్కడ నడిచి మళ్లీ మామూలు ప్రతికి వస్తుంది. కౌంటర్ల వివరమూ, శాంపిలింగ్ తేలికదనమూ రెండూ దక్కుతాయి. ప్రోగ్రాం సైజు దాదాపు రెట్టింపవుతుంది, అది దాని ఖరీదు.

పిలుపుల వరుస ఖర్చు

ఏ ఫంక్షన్‌లో ఉన్నామో మాత్రమే కాక, ఎవరి ద్వారా అక్కడికి వచ్చామో కూడా కావాలంటే ప్రతి గుర్తుకూ స్టాక్‌ను వెనక్కి చదవాలి. ప్రోగ్రాంలో ఫ్రేమ్ పాయింటర్లు ఉంచి కంపైల్ చేస్తే ఇది గొలుసు పట్టుకుని వెళ్లడమంత తేలిక. ఒక రిజిస్టర్ ఆదా చేయడానికి వాటిని తీసేసే అలవాటు చాలాకాలం సాగింది. అవి లేకపోతే, 2009లో లైనక్స్‌లో చేరిన పెర్ఫ్ వంటి సాధనం డ్వార్ఫ్ పద్ధతిలో గుర్తుకు 8 కిలోబైట్ల స్టాక్ నకలు తీసి దాచుకుంటుంది. సెకనుకు 99 చొప్పున ఒక్కో కోర్‌కు సుమారు 800 కిలోబైట్లు. 16 కోర్ల యంత్రమైతే సెకనుకు 12 మెగాబైట్ల పైమాటే! ఫెడోరా 38 (2023), ఉబుంటు 24.04 (2024) తమ ప్యాకేజీలను మళ్లీ ఫ్రేమ్ పాయింటర్లతో కంపైల్ చేయడానికి నిర్ణయించుకున్నది ఇందుకే. కొలవడం తేలిక కావడం కోసం ప్రోగ్రాం కాస్త వేగం వదులుకోవడం లాభమేనా అన్న చర్చ అప్పుడు గట్టిగానే జరిగింది. నా మటుకు నాకు లాభమే అనిపిస్తుంది.

ఇప్పుడు మీ వంతు. మీ సొంత ప్రోగ్రాం ఒకటి తీసుకోండి. ప్రొఫైలర్ లేకుండా ఒకసారి, ప్రొఫైలర్‌తో ఒకసారి, మళ్లీ లేకుండా ఒకసారి, ఇలా మార్చి మార్చి పదేసిసార్లు నడిపి సమయాలు రాసుకోండి. లేనివన్నీ ముందు, ఉన్నవన్నీ తర్వాత నడపకండి. ఈలోగా యంత్రం వేడెక్కితే ఆ నేరం కూడా ప్రొఫైలర్ మీద పడుతుంది. రెండు వరుసల మధ్యగతాలు చూసి తేడా శాతం కట్టండి. తర్వాత శాంపిలింగ్ వేగాన్ని 99 నుంచి 999కి, ఆపైన 9999కి పెంచి మళ్లీ చూడండి. ఇంటరప్ట్‌ల పనికే ప్రాసెసర్ సమయంలో 25 శాతం మించి పోతున్నట్టు కనిపిస్తే లైనక్స్ తనంతట తానే వేగాన్ని తగ్గిస్తుంది. ఆ హెచ్చరిక మీకు ఎక్కడ ఎదురైందో రాసుకోండి. మూడు పట్టికలలోనూ మొదటి ఐదు ఫంక్షన్లు అదే వరుసలో ఉన్నాయా? వరుస మారితే, ఏ ఫంక్షన్ పైకి వచ్చిందో, అది ఎంత చిన్నదో చూడండి.